పాట వెయ్యని క్యాసెట్టు

పెళ్ళి క్యాసెట్ల మీద నేను పాటలు వెయ్యను. విశాఖపట్నంలో ఈ మాట చెప్పి బేరాలు పోగొట్టుకున్న వీడియోవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. నీ క్యాసెట్లు చప్పగా ఉంటాయన్నారు. పెళ్ళి చూస్తున్నట్టు లేదు, పక్కింటివాళ్ళ మాటలు వింటున్నట్టుందన్నారు. అననీండి. పెళ్ళిలో మాట్లాడింది మనుషులు. వాళ్ళ గొంతు నొక్కేసి పైన ఇంకెవరి గొంతో అతికించే హక్కు నాకెవరూ రాసివ్వలేదు. ఇప్పుడింత రొమ్ము విరుచుకుని చెబుతున్నాను గానీ, మొదటి రెండేళ్ళూ నేనూ అతికించినవాణ్ణే. మానిపించింది ఒక అమ్మాయి.

నేను కొట్టువాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. కంచరపాలెంలో రైలు పట్టాలకు ఇటుపక్క మా నాన్నది కిరాణా కొట్టు, అటుపక్క మా చిన్నాన్నది ఇనప సామాను కొట్టు. మా ఇంటి పిల్లలకు మొదట వచ్చే మాట 'అమ్మ' కాదు, 'కొసరు' అని మా అమ్మే అనేది. తూకం అయ్యాక పైన వేసే పిడికెడు మీదే మా ప్రాణం. అమ్మినప్పుడు ఇవ్వకుండా ఉండాలి, కొన్నప్పుడు వదలకుండా రాబట్టాలి. కొసరు దక్కని రోజు నాకు అన్నం సయించేది కాదు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఊరినిండా కొత్త మనుషులు, కొత్త జీతాలు, ఇంటింటికీ కొత్త టీవీలు. పోర్టు దగ్గర ఓడ దిగిన సరుకు అమ్మే ఒకతని దగ్గర పాత వీడియో కెమెరా ఉందని తెలిసి వెళ్ళాను. కెమెరా ఒకటి, దాన్నుంచి వేలాడే లావుపాటి తీగ ఒకటి, ఆ తీగ చివర భుజానికి తగిలించుకునే రికార్డరు ఒకటి. మూడు రోజులు బేరమాడాను. మూడో రోజు అతను విసిగిపోయి తోలు సంచీ, నాలుగు క్యాసెట్లు కొసరు పడేశాడు. ఇంటికొచ్చి చూస్తే సంచీ జిప్పు కదలదు, రెండు క్యాసెట్ల నిండా ఎవరో తెలియని భాషలో వంట చేస్తున్నారు. అయినా నెల రోజులపాటు ఊళ్ళో నేను చెప్పుకున్నది కెమెరా గురించి కాదు, కొసరు గురించే.

కెమెరా నెత్తిన ఒక చిన్న మైకు ఉండేది. దూరంగా ఉన్న మాట దానికి అందేది కాదు. దగ్గరున్న ఫ్యాను, చంటిపిల్ల ఏడుపు, నా ఆయాసం మాత్రం శ్రద్ధగా పట్టేది. అందుకని ఊళ్ళో వీడియోవాళ్ళందరం చేసే పని ఒకటే. ఇంటికొచ్చి ఆ రొదంతా తుడిచేసి పాటలు ఎక్కించడం. తలంబ్రాలకొక పాట, అప్పగింతలకొక పాట, చర్చి పెళ్ళయితే ఏదో ఒక పియానో. పెళ్ళికొడుకు తండ్రి నోరు ఆడుతుంటే ఎవరో గాయకుడి గొంతు వచ్చేది. ఎవరూ ఏమనుకోలేదు. నేనసలే అనుకోలేదు.

మా కొట్టుకి నాలుగిళ్ళ అవతల ఒక షెడ్డులో స్టెబిలైజర్లు చేసేవారు. కరెంటు హెచ్చుతగ్గులకు టీవీ మాడిపోకుండా పెట్టుకునే ఇనప పెట్టెలు. ఆ షెడ్డులో పనిచేసే అమ్మాయి ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చింది. మల్కాపురం నుంచి రోజూ బస్సులో వచ్చేది, తండ్రి పోర్టులో కలాసీ. ఆమెకు నత్తి అని ఆ వీధిలో అందరికీ తెలుసు. తన పెళ్ళికి వీడియో తియ్యాలని మొదలుపెట్టింది. ఆమె 'చర్చి' అనేలోపల నేను 'మల్కాపురంలోనా' అన్నాను. 'వచ్చే' అనేలోపల 'నెలా' అన్నాను. బేరగాడికి అదొక రోగం. ఎదుటివాడి మాట వాడి నోట్లో ఉండగానే మనమే పూర్తిచేస్తే ధర మనదవుతుంది. ఆమె నేను పూర్తిచేసినప్పుడల్లా ఆగి, నేను చాలించాక, ఆపినచోటు నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. కాసేపటికి సిగ్గేసి ఊరుకున్నాను.

ఆమె చెప్పిందిది. చర్చి పెళ్ళిలో పాస్టరుగారు ప్రమాణాన్ని ముక్కముక్కగా చెబుతుంటే వధూవరులు ఒకరి తర్వాత ఒకరు తమ నోటితో పలకాలి. పెళ్ళికొడుకు పెదనాన్న ఆ చర్చి సంఘంలో పెద్ద. అమ్మాయికి ఎందుకు శ్రమ, ఆమె వంతు పాస్టరు అయ్యగారే చదివేస్తారు, ఆమె తలూపితే చాలని ఆయన నిర్ణయించారు. ఈమె ఒప్పుకోలేదు. మొత్తం తనే చెబుతుంది. చెప్పింది చెప్పినట్టు క్యాసెట్టులో వినపడాలి.

"పాట ఎయ్యకూడదు అన్నయ్యా," అంది. "ఆ మాట నాను సెప్పినాను. సెప్పనేదని రేపు ఎవులూ అనకూడదు."

ఈ రెండు ముక్కలకూ ఎంతసేపు పట్టిందో నేనిక్కడ రాయను. రాస్తే మీరూ నాలాగే మధ్యలో అందుకుంటారు.

సరేనన్నాను. ఎలా చెయ్యాలో తెలియకపోయినా సరేనడం మా వంశాచారం. ఆలోచిస్తే సులువుగానే తోచింది. చర్చిలో ఎలాగూ మైకులు ఉంటాయి. ఆ మైకులన్నీ వెళ్ళి కలిసే మిక్సరు నుంచి ఒక తీగ లాగి, నా రికార్డరుకు పక్కన మైకు కోసం ఉన్న రంధ్రంలో గుచ్చితే సరిపోతుంది. ఆ చర్చికి మైక్ సెట్ పెట్టేవాడు నాకు బాగా తెలిసినవాడే. ఊళ్ళో అందర్నీ బావా అనేవాడు, నన్ను కాస్త గట్టిగా అనేవాడు.

పెళ్ళికి ముందు ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చిలో ఒకసారి పరీక్ష చేసుకున్నాం. మైక్ సెట్ అతను తీగ కలిపి, ఎంత ఇమ్మంటావు బావా అని అడిగాడు. కొట్టువాడి కొడుకుని అడగవలసిన ప్రశ్నేనా అది? ఉన్నంతా ఇమ్మన్నాను. అతను మిక్సరు మీద పెద్ద నాబు తిప్పాడు. ఇంకాస్త అన్నాను. ఇంకాస్త తిప్పాడు. ఆ పైన ఇంకో పిసరు కూడా అడిగి వేయించుకుని తృప్తిపడ్డాను. అమ్మాయి మైకు ముందు నిలబడి ప్రమాణం మొత్తం ఒకసారి చెప్పింది.

తర్వాత పాస్టరుగారింట్లో టీవీకి తగిలించి అందరం విన్నాం. రేకు మీద మేకుతో గీస్తున్నట్టుంది. ఆమె నోరు కదులుతోంది, టీవీలోంచి గరగర వస్తోంది, ఒక్క మాట తెలియడం లేదు. నత్తి ఎక్కడో, మాట ఎక్కడో కూడా తెలియలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. పెళ్ళికొడుకు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఉక్కు ఫ్యాక్టరీ పనుల్లో క్రేను నడిపే మనిషి, అతను నవ్వలేదు. పెదనాన్నగారు మాత్రం చాలా మెత్తగా మాట్లాడారు. ఆయన ఎప్పుడూ మెత్తగానే మాట్లాడేవారు, అవతలివాళ్ళు నోరు తెరవలేనంత మెత్తగా.

"నాను ముందే సెప్పినాను కదమ్మా. మనకెందుకీ తిప్పలు. అయ్యగారు సదువుతారు, నువ్వు తలూపు. ఆ బాబు మంచి వాయిద్యం ఏదో ఏసుకుంటాడు."

తప్పు నాది, శిక్ష ఆమెకు పడింది. చర్చికి తిరిగొచ్చి నాబు బాగా తగ్గించి మళ్ళీ ప్రయత్నించాం. గరగర తగ్గేంత తగ్గిస్తే చర్చిలో స్పీకర్లు మూగపోయాయి. ఆ ఒక్క నాబే చర్చికీ నాకూ. పైగా అంత తగ్గించాక టేపులో మాటకన్నా మిక్సరు బుస ఎక్కువైంది. పెళ్ళినాడు సౌండు తగ్గిస్తే జనం నన్ను కొడతారు బావా అని మైక్ సెట్ అతను చేతులెత్తేశాడు.

అమ్మాయి వచ్చి రికార్డరు రంధ్రంలోంచి తీగ పీకి, ఆ రంధ్రం పక్కన రాసున్న అక్షరాలు చూసింది. ఇది మైకుకి కదా అని అడిగింది. అవునన్నాను. మిక్సరు వెనక్కి వెళ్ళి అక్కడ రాసింది కూడా చూసింది. రెండూ రేపు షెడ్డుకి తెమ్మని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు భోజనాల వేళకు వెళ్ళాం. మైక్ సెట్ అతను తన మిక్సరును నమ్మి నా చేతికి ఇవ్వనని, దాన్నీ ఒక మైకునూ ఒళ్ళో పెట్టుకుని తనే రిక్షాలో వచ్చాడు. ఆమె మీటరు తీసి, అతన్ని మైకులో ఆపకుండా 'ఆ...' అనమని, మిక్సరు నుంచి వచ్చే తీగకు మీటరు తీగల మొనలు తగిలించింది. సూది ఒక వోల్టు దాకా లేచింది. తర్వాత మైకుకే నేరుగా తగిలించింది. అతను మెడ నరాలు ఉబ్బేదాకా 'ఆ...' అన్నాడు, సూది కదల్లేదు. నా రికార్డరు రంధ్రం ఆశించేది ఆ కదలనంత కొంచెమేనని, నేను దానికి వోల్టు వోల్టూ కుమ్మరించానని అప్పుడు తెలిసింది.

అంటే సగం తగ్గించాలా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. పదో వంతా అన్నాను. ఆమె చెప్పడానికి మొదలుపెట్టింది, 'వె' దగ్గర ఆగింది, నేను 'వెంటనేనా' అన్నాను. ఆమె కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ ఎత్తి నా మొహానికీ తన మొహానికీ మధ్య నిలబెట్టింది.

"ఆ యమ్మ సెప్పేదాకా ఆగు బావా," అన్నాడు మైక్ సెట్ అతను. "నేపోతే వాత పెడతాది."

ఆగాను. వెయ్యో వంతు అంది.

నా ప్రాణం విలవిల్లాడింది. వెయ్యి బస్తాలు బండ్ల మీద తోలుకొచ్చి, గుమ్మంలో ఒక్క బస్తా దించుకుని, మిగతావన్నీ సముద్రంలో పారబొయ్యమంటోంది. ఇంత పారబోత మా వంశంలో ఎవరూ ఎరుగరు. ఆమె నా మొహం చూసి, పక్కనున్న స్టెబిలైజరు మీద చెయ్యేసి, కరెంటు ఎక్కువొచ్చిన రోజు టీవీకి అంతా ఇచ్చేస్తే ఏమవుతుందని అడిగింది. మాడుతుందన్నాను. మరి నా మాట మాడలేదా అంది.

పనిలో పడ్డాం. పని ఎంతసేపటిది గనక. రెండు రెసిస్టర్లు, ఒకటి లక్ష ఓములది, ఒకటి వంద ఓములది. మిక్సరు నుంచి వచ్చే సౌండు ముందు పెద్దదాన్ని దాటాలి. దాటాక చిన్నదాని గుండా ఎర్తు తీగలోకి దిగిపోవాలి. ఆ దిగే చోట మిగిలే పిసరంతే మన రికార్డరుకు. ఈ రెండింటినీ ఏదైనా రేకు డబ్బాలో మూసి పెట్టాలని ఆమె అంటే నేను మా కొట్టుకి పరిగెత్తి ఖాళీ ముక్కుపొడుం డబ్బా పట్టుకొచ్చాను. ఈ అలవాటు ఎప్పట్నుంచి అని మా నాన్న వెనకనుంచి అడుగుతూనే ఉన్నాడు.

మొదట డబ్బాను మిక్సరు దగ్గరే బిగించాం. మాట వచ్చింది గానీ వెనక తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. పిసరంత చేసిన సౌండును, చర్చిలో కెమెరాతో తిరగడానికని తెచ్చిన ముప్పై అడుగుల తీగ మీద నడిపిస్తే దారిలో ట్యూబులైట్లు, ఫ్యాన్లు, ప్రతిదీ చెయ్యి చేసుకుంటుంది. ఆమె డబ్బాను ఆ చివరనుంచి ఊడదీసి ఈ చివర, రికార్డరు గుమ్మంలో బిగించింది. దారంతా బలంగా రానిచ్చి గడప దగ్గర తగ్గించడం. రొద పోయింది.

ఆమె మైకులో ప్రమాణం మొదటి ముక్క చెప్పింది. షెడ్డులో పరీక్షల కోసం ఉంచిన టీవీలో వేశాం. ఆమె గొంతు వచ్చింది. ఆగినచోట ఆగుతూ, కదిలినచోట కదులుతూ, ఆమె గొంతే వచ్చింది. ఒక్క చిక్కు మిగిలింది. మాట ఆగినప్పుడల్లా, ఏమీ వినపడటం లేదని రికార్డరు తనంతట తనే చెవి రిక్కించుకుని, ఫ్యాను చప్పుడును, వీధి చప్పుడును పైకి లేపుతోంది. దాన్ని ఆపే మీట నా రికార్డరుకు లేదు. ఉండనీండి అంది ఆమె. ఆ టీవీ దగ్గరే నిలబడి ఇంకోసారి వేయించుకుని విన్నది.

"నా గొంతు ఇలగుంటాదా," అంది.

"బాగున్నాది గదమ్మా," అన్నాడు మైక్ సెట్ అతను. మిక్సరు ఒళ్ళోకి తీసుకుని లేస్తూ ఇంకోసారి అన్నాడు.

పెళ్ళినాడు పదిగంటలకే చర్చి నిండిపోయింది. కెమెరాను మూడు కాళ్ళ స్టాండు మీద బిగించి, మైక్ సెట్ బల్ల పక్కనే నిలబడి, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకున్నాను. పెళ్ళికొడుకు ప్రమాణం నిమిషంలో అయిపోయింది. తర్వాత పాస్టరుగారు ఆమె వైపు తిరిగి, గొంతు తగ్గించి, నన్ను చదివెయ్యమంటావా అమ్మా అని అడిగారు. మైకు ఆ మాటా పట్టింది. ఆమె వద్దంది.

మొదటి ముక్క చెప్పింది. రెండో ముక్క సగంలో ఆగింది. నా చెవిలో ఫ్యాన్లు లేచాయి, ఎవరి దగ్గో లేచింది, పోర్టులో ఓడ కూత సన్నగా లేచింది. ముందు బల్లలోంచి ఒకావిడ జాలిపడి ఆ మిగిలిన మాట తనే అందించింది. అమ్మాయి ఆవిడ పూర్తిచేసేదాకా ఆగి, ఆ ముక్కను మొదట్నుంచీ మళ్ళీ మొదలుపెట్టింది. చర్చిలో గుసగుసలు బయల్దేరాయి. పెదనాన్నగారు ముందు వరసలోంచి మెడ తిప్పి మా బల్ల వైపు చూశారు.

మైక్ సెట్ అతని చెయ్యి నాబు మీదికి వెళ్ళింది. నేను అతని చెయ్యి మీద చెయ్యి వేశాను.

"పెద్దాయన సెప్పినాడు బావా," అని గొణిగాడు. "మాట ఆగిపోతే మైకు కట్టెయ్మన్నాడు. నలుగుర్లో పరువు పోతాదని."

"సెయ్యి తియ్యి."

"రేపట్నుంచి ఈ సర్చికి నన్ను పిలవరు."

"కట్టినావంటే నీ పెట్టె ఇంటికి ఎల్లదు బావా. ఇక్కడే తన్ని ఇరగ్గొడతాను."

తన్నేవాణ్ణి కాదు. వస్తువు పగలగొట్టడం మా ఇళ్ళల్లో మహాపాపం. అతనికీ ఆ సంగతి తెలుసు. అయినా ఎందుకో చెయ్యి తీసి, రెండు చేతులూ తన తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ప్రమాణం చివరి మాట దాకా తనే చెప్పింది. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ పెళ్ళికొడుకు ఆమె మొహం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట కూడా అందించలేదు.

నాలుగో రోజు సాయంత్రం ముగ్గురూ మా కొట్టుకి వచ్చారు, కొత్త దంపతులూ పెదనాన్నగారూ. క్యాసెట్టు వేశాను. పూలు బాగా పడ్డాయన్నారు ఆయన. అయ్యగారు బాగా పడ్డారన్నారు. ప్రమాణం దగ్గరకొచ్చేసరికి కుర్చీలో కదిలారు. ఆమె ఒక మాట దగ్గర ఆగగానే, అలవాటు కొద్దీ, ఆయనే ఆ మాట అనేశారు. టీవీలో ఉన్న అమ్మాయి ఆయన్ని పట్టించుకోలేదు. తన టైములో తను చెప్పింది. ఆయన ఇంకో రెండుసార్లు అందించబోయి ఊరుకున్నారు.

అయిపోయాక నన్ను పక్కకు పిలవలేదు, అందరి ముందే అడిగారు. అందులో ఆయన పెద్దరికం ఉంది, కాదనను. ఆ నాలుగు నిమిషాల మీదా ఏదైనా వాయిద్యం వెయ్యమన్నారు. ఈ వేసవిలో తమ సంఘంలో మూడు పెళ్ళిళ్ళున్నాయని, మూడూ నాకే చెబుతానని కూడా అన్నారు. నిజం చెప్పొద్దూ, నా నాలుక సరేననడానికి ముందుకు వచ్చేసింది. మూడు పెళ్ళిళ్ళు. అడక్కుండానే. పుట్టి బుద్ధెరిగాక నాకు ఎదురొచ్చిన మంచి బేరం అదొక్కటే, దానికి వద్దండీ అన్నాను. మా నాన్న తక్కెడ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆయన కోప్పడలేదు. ఇంకాస్త మెత్తబడ్డారు.

"పోనీ పాటొద్దు. ఆ ఆగిపోయిన సోట్లు కొయ్యి బాబూ. మాటలన్నీ పక్కపక్కకొచ్చేత్తాయి. గుంటకి నత్తున్నట్టే తెలవదు."

అది చెయ్యగలను. రెండు రికార్డర్లుంటే చాలు. మాటలు ఉంటాయి, పాట ఉండదు, అందరి గౌరవమూ నిలబడుతుంది. ఇచ్చిన మాట తప్పినట్టూ కాదు. నేను ఆమె వైపు చూశాను.

"కొయ్యొద్దు," అంది. తర్వాతి మాట రావడానికి చాలాసేపు పట్టింది. మా కొట్టులో ఎవరూ అందించలేదు. "ఆగింది కూడా నానే కదా మావయ్యా."

నేను క్యాసెట్టు బయటికి తీశాను. ఆ క్యాసెట్లకు వెనక అంచున ఒక చిన్న ప్లాస్టిక్ రేకు ఉంటుంది. అది విరిగిపోతే రికార్డరు ఇక ఆ క్యాసెట్టు మీద ఏదీ ఎక్కించదు. స్క్రూడ్రైవరు పెట్టి ఆయన చూస్తుండగా దాన్ని పుటుక్కున విరిచేశాను. ఇంకేం వెయ్యడానికీ కుదరదండీ, యంత్రమే ఒప్పుకోదు అని చెప్పి క్యాసెట్టు ఆమె చేతిలో పెట్టాను. ఆయన ఆ విరిగిన చోటు వేలితో తడిమి చూసి, పంచె సర్దుకుని, మా నాన్నకు వందనాలు చెప్పి బయటికి నడిచారు.

ఆ మూడు పెళ్ళిళ్ళూ వేరేవాడు తీశాడు. మూడింటికీ పాటలే. విరిగినచోట చిన్న సెల్లోటేపు ముక్క అంటిస్తే మళ్ళీ రికార్డవుతుందన్న సంగతి మాత్రం నేను ఆయనకు చెప్పలేదు. ఇన్నేళ్ళయినా ఎవరికీ చెప్పలేదు.